మైక్రోబయోమ్ టెస్టులో 'మంచి బ్యాక్టీరియా తక్కువ' అని వచ్చింది. నా షుగర్‌కి అదే కారణమా?

వేసవివాన (ప్రశ్న):

అందరికీ నమస్తే. నాకు యాభై దాటాయి. టైప్ 2 షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను, బీపీకి ఇంకో మాత్ర. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.4 దగ్గర ఆగిపోయింది, అంతకన్నా దిగట్లేదు.

మా అమ్మాయి పట్టుబట్టి గట్ మైక్రోబయోమ్ (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) టెస్ట్ కిట్ తెప్పించింది. మలం శాంపిల్ చిన్న డబ్బాలో పెట్టి పంపించాం. కొన్నాళ్లకి పెద్ద రిపోర్టు వచ్చింది, పేజీ పేజీకీ రంగురంగుల చక్రాలు. వైవిధ్యం స్కోరు 'తక్కువ' అట. బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా 'తక్కువ' అట. అందులో ఫీకాలిబ్యాక్టీరియం అనే పేరు ఎర్ర రంగులో ఉంది. ఎస్చరీషియా 'ఎక్కువ' అట. ఆఖరి పేజీలో నా జీవక్రియ సమస్యకి మూలం పేగుల్లో ఉందని రాసి, దాని కిందే వాళ్ల ప్రోబయాటిక్ (బతికున్న 'మంచి' బ్యాక్టీరియా) క్యాప్సూల్స్ మూడు నెలల కోర్సు చూపించారు.

రిపోర్టు మా డాక్టరుగారికి చూపిస్తే రెండు పేజీలు తిప్పి, "ఇవన్నీ పట్టించుకోకండి" అని వెనక్కి ఇచ్చేశారు. ఎందుకు పట్టించుకోకూడదో చెప్పలేదు. మా అమ్మాయేమో క్యాప్సూల్స్ వాడితే మెట్‌ఫార్మిన్ మానేయొచ్చు అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా ఈ బ్యాక్టీరియా వల్లే నాకు షుగర్ వచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

—

కుడిఎడమ:

తప్పకుండా వాడండి మేడమ్. నేను ప్రోబయాటిక్ మొదలుపెట్టాక గ్యాస్, కడుపు ఉబ్బరం బాగా తగ్గాయి, నిద్ర కూడా పట్టింది. మన ఒంట్లో మన కణాల కన్నా బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ. అసలు మనం తొంభై శాతం బ్యాక్టీరియానే! షుగర్, గుండె జబ్బు, కీళ్లనొప్పులు, అన్నిటికీ వేరు పేగుల్లోనే ఉంది. డాక్టర్లకి ఇది చదువులో చెప్పలేదు, అందుకే పట్టించుకోరు.

—

పెట్రీపళ్లెం:

వేసవివాన గారూ, నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, మీ మందుల సంగతి మీ డాక్టరుగారితోనే తేల్చుకోండి. కానీ నా ఉద్యోగంలో సగం మలం శాంపిళ్లతోనే గడిచింది కాబట్టి ఆ రిపోర్టు మీద నాలుగు మాటలు చెప్పగలను.

మొదట మీ ఎస్చరీషియా సంగతి. అది ఎక్కువ కావడానికి మీ షుగర్ కన్నా, షుగర్‌కి మీరు వేసుకునే మాత్రే కారణం కావచ్చు. ఈ కథ తెలుసుకోవలసిందే. 2012లో చైనా పరిశోధకులు 345 మంది మలంలోని డీఎన్ఏ చదివి, షుగర్ ఉన్నవాళ్లలో ఏ బ్యాక్టీరియా తేడాగా ఉందో ప్రకటించారు. మరుసటి ఏడాది స్వీడన్ నుంచి అలాంటిదే ఇంకో అధ్యయనం వచ్చింది. రెండిట్లో పేర్లు చాలావరకు కలవలేదు. ఒకే జబ్బుకి రెండు దేశాల్లో రెండు ముద్రలా అని అందరూ తల గోక్కున్నారు. 2015లో డెన్మార్క్, స్వీడన్, చైనా శాంపిళ్లు కలిపి మొత్తం 784 చూశారు. ఈసారి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లని, వేసుకోనివాళ్లని విడదీసి లెక్క కట్టారు. అప్పటిదాకా 'షుగర్ ముద్ర' అనుకున్నదాంట్లో చాలా భాగం మెట్‌ఫార్మిన్ ముద్ర అని తేలింది. ఎస్చరీషియా పెరగడం అందులో ముఖ్యమైనది. తర్వాత 2017లో, కొత్తగా షుగర్ బయటపడినవాళ్లలో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే, మందు వేసుకున్నవాళ్లలో నాలుగు నెలల్లో బ్యాక్టీరియా మారిపోయింది, ఎస్చరీషియా పెరిగింది. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ మారిన మలాన్ని బ్యాక్టీరియా అసలు లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కిస్తే వాటి గ్లూకోజ్ అదుపు మెరుగైంది. అంటే మెట్‌ఫార్మిన్ చేసే మేలులో కొంత ఈ బ్యాక్టీరియా ద్వారానే జరుగుతూ ఉండొచ్చు. మీ రిపోర్టు 'ఎక్కువ' అని భయపెట్టినది, మీ మందు పనిచేస్తోందనడానికి గుర్తు అయినా కావచ్చు. మీరు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా అని ఆ కిట్ కంపెనీ అడిగిందా? అడిగితే, ఆ జవాబుని రిపోర్టులో ఎక్కడైనా లెక్కలోకి తీసుకుందా? ఒకసారి చూడండి.

రెండోది బ్యూటిరేట్. దీంట్లో మాత్రం విషయం ఉంది. మందు వేసుకోని షుగర్ పేషెంట్లలో కూడా బ్యూటిరేట్ తయారుచేసేవి కొంత తక్కువగానే కనిపించాయి. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకి చేరితే, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు చేస్తుంది. పెద్దపేగు లోపలి పొర కణాలకి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం బ్యూటిరేట్ నుంచే వస్తుంది. ఆ కణాలు బ్యూటిరేట్‌ని కాల్చడానికి ఆక్సిజన్ వాడేస్తాయి, అందువల్ల పేగు లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. బ్యూటిరేట్ తగ్గితే ఆక్సిజన్ లోపలికి కారుతుంది. అప్పుడు ఆక్సిజన్ ఉన్నా బతకగల ఈ.కోలి కుటుంబం (మీ ఎస్చరీషియా ఇందులోదే) విజృంభిస్తుంది, గాలి పడని మంచివి చస్తాయి. ఎలుకల్లో ఈ వరస స్పష్టంగా చూపించారు. ఈ.కోలి లాంటి వాటి పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. అది కొద్దికొద్దిగా రక్తంలోకి చేరితే ఒంట్లో సన్నటి వాపు నిలకడగా ఉంటుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. 2007లో ఎలుకల్లోకి నాలుగు వారాలు ఎల్‌పీఎస్ సన్నగా ఎక్కించి చూస్తే కొవ్వు తిండి పెట్టకుండానే బరువు, ఇన్సులిన్ నిరోధకత పెరిగాయి. దీర్ఘరోగాలకీ పేగుకీ లంకె అని చెప్పేవాళ్లు ఆధారపడేది ముఖ్యంగా ఈ దారి మీదే. దారి నిజమే. మీ విషయంలో కథ ఆ దారినే నడిచిందని ఆ రిపోర్టు రుజువు చెయ్యలేదు, అంతే.

మూడోది ఆ క్యాప్సూల్స్. డబ్బా వెనక పేర్లు చదవండి. ఏదో ఒక లాక్టోబాసిల్లస్, ఏదో ఒక బైఫిడోబ్యాక్టీరియం ఉంటాయని పందెం కాస్తాను. మీకు తక్కువని చెప్పింది ఫీకాలిబ్యాక్టీరియం. అమ్ముతున్నది వేరే జీవి! ఎందుకంటే ఫీకాలిబ్యాక్టీరియం గాలి తగిలితే నిమిషాల్లో చచ్చిపోతుంది. మా ల్యాబులో గాలి తీసేసిన జాడీల్లో పెట్టి కూడా ఇలాంటివాటిని పెంచడానికి నానా తంటాలు పడేవాళ్లం. మామూలు క్యాప్సూల్లో దాన్ని బతికించి మీ పేగుదాకా చేర్చడం తేలిక కాదు.

కుడిఎడమ గారికి ఒక మాట. మీ ఉబ్బరం తగ్గినందుకు సంతోషం. కానీ ఆ 'పది రెట్లు' 1972లో ఎవరో వేసిన ఉజ్జాయింపు లెక్క, అది అలా చేతులు మారుతూ వచ్చింది. 2016లో మళ్లీ లెక్కిస్తే 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేలింది. ఇంచుమించు సరిసమానం. బ్యాక్టీరియా మొత్తం బరువు ఓ 200 గ్రాములు.

—

కుడిఎడమ:

సార్, మీరు చాలా తెలిసినవారు, కాదనను. కానీ లావు మనిషి బ్యాక్టీరియా ఎలుకకి పెడితే ఎలుక లావెక్కిందని నేనే చదివాను. ఇంతకంటే రుజువేం కావాలి? ఇది కారణం కాకపోతే మరేమిటి?

—

పెట్రీపళ్లెం:

మీరు చదివింది నిజమే, మంచి ప్రయోగం కూడా. 2013లో అమెరికాలో జెఫ్రీ గోర్డన్ బృందం కవలల్ని తీసుకుంది. ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి మలాన్నీ బ్యాక్టీరియా లేని ఎలుకలకి పెట్టారు. లావు మనిషి మలం పడ్డ ఎలుకలకి కొవ్వు ఎక్కువ పట్టింది. అయితే అదే అధ్యయనంలో ఇంకో సగం ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. రెండు రకాల ఎలుకల్నీ ఒకే పంజరంలో ఉంచితే, ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి కాబట్టి, సన్నవాళ్ల బ్యాక్టీరియా లావు ఎలుకలోకి చేరి కొవ్వు పట్టకుండా ఆపింది. కానీ పీచు తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న తిండి పెడితే ఆ మేలు కనిపించలేదు. తిండి సరిగ్గా లేకపోతే వచ్చిన బ్యాక్టీరియా నిలవలేదన్నమాట.

ఇక మనుషుల్లో. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నగా ఉన్న దాతల మలాన్ని జీవక్రియ దెబ్బతిన్న లావు మగవాళ్లకి ఎక్కించారు. ఆరు వారాలకి ఇన్సులిన్ బాగా పనిచేసింది, అందరూ ఉత్సాహపడ్డారు. 2017లో అదే కేంద్రం ఎక్కువమందిలో, ఎక్కువ కాలం చూసింది. 18 వారాలకి ఆ మేలు పోయింది, బ్యాక్టీరియా కూడా పాత స్థితికి తిరిగి వచ్చింది. పుట్టుకతో ఏ బ్యాక్టీరియా లేని ఎలుక పేగు ఖాళీ ఇల్లు, ఎవరొచ్చినా కాపురం పెడతారు. మీ పేగు, నా పేగు అలా కాదు, ఎప్పటినుంచో అద్దెకున్నవాళ్లు ఖాళీ చెయ్యరు.

బ్యాక్టీరియాయే కారణమని సందేహం లేకుండా తేలిన జబ్బులు లేకపోలేదు. కడుపులో పుండ్లకి టెన్షన్, కారం కారణమనుకునే రోజుల్లో బ్యారీ మార్షల్ అనే డాక్టరు 1984లో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్న ద్రవం తానే తాగి, కడుపు పాడుచేసుకుని చూపించాడు. 2005లో ఆయనకీ, ఆయన సహచరుడు రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. ఇంకోటి, యాంటీబయాటిక్స్ తర్వాత క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు. తగ్గడం, మళ్లీ రావడం, మనిషి సగమైపోవడం. 2013లో నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతుల మలాన్ని ముక్కులోంచి ట్యూబు ద్వారా చిన్నపేగులోకి ఎక్కిస్తే మొదటిసారికే 81 శాతం మందికి నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే వాడినవాళ్లలో 31 శాతం. తేడా ఎంత ఎక్కువగా ఉందంటే ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. అలాంటి తేడా షుగర్‌లో ఎవరూ చూపించలేదు. చూపించిన రోజు నేనే ముందు ఇక్కడ పోస్టు పెడతాను.

—

రాత్రిడ్యూటీ:

నేను డయాలసిస్ యూనిట్లో నర్సుని. కిడ్నీ కోణంలో ఒక విషయం కలుపుతాను, ఎందుకంటే షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు అటు కూడా చూసుకోవాలి.

మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్‌ని పేగు బ్యాక్టీరియా ఇండోల్‌గా మారుస్తుంది. లివర్ దాన్ని ఇండాక్సిల్ సల్ఫేట్ చేస్తుంది. మామూలుగా కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పేరుకుంటుంది. అది రక్తంలోని ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది కాబట్టి డయాలసిస్ మెషిన్ కూడా సరిగ్గా లాగలేదు. రక్తనాళాలకి అది చెరుపు చేస్తుందని ల్యాబు ప్రయోగాల్లో చూపించారు. పేగులోనే ఇండోల్‌ని పీల్చేసే బొగ్గు గుళికల మందు ఒకటి ఉంది. 2015లో దాని మీద రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలొచ్చాయి, రెండు వేలమందికి పైగా పేషెంట్లు. కిడ్నీ పాడవడం నెమ్మదించలేదు. ఇంత చక్కగా దారి తెలిసిన చోట కూడా మందు పని చెయ్యలేదంటే, రంగు చక్రాలు చూసి క్యాప్సూల్ అమ్మేవాళ్లని నేను నమ్మను.

మా వార్డులో మలబద్ధకం ఉన్నవాళ్లని చూస్తుంటాను. దాని గురించి ఎవరూ టెస్టులు చేయించుకోరు, డాక్టరుకి చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడతారు. పేగులో సరుకు ఎంతసేపు ఆగితే బ్యాక్టీరియా అంత మారుతుంది.

—

పెట్రీపళ్లెం:

రాత్రిడ్యూటీ గారూ, ఆఖరి మాట బాగా చెప్పారు. మల పరీక్షల్లో మనిషికీ మనిషికీ తేడా రావడానికి బలమైన కారణాల్లో మలం గట్టిదనం ఒకటి. విరేచనం ఉన్న రోజు, మలబద్ధకం ఉన్న రోజు ఒకే మనిషి శాంపిల్ పంపితే ఇద్దరు మనుషుల్లా కనిపించినా ఆశ్చర్యం లేదు.

—

వేసవివాన:

అందరికీ ధన్యవాదాలు. రిపోర్టు మళ్లీ తీసి చూశాను. క్యాప్సూల్లో ఉన్నవి నిజంగానే లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం. మందుల గురించి ఫారంలో అడిగారు, మా అమ్మాయి మెట్‌ఫార్మిన్ అని నింపింది, కానీ రిపోర్టులో ఎక్కడా ఆ మాటే లేదు.

ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. శాంపిల్ పంపడానికి కొన్ని వారాల ముందు పంటి ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ కోర్సు వాడాను. దానివల్ల కూడా తేడా వస్తుందా? అలా అయితే ప్రోబయాటిక్ వేసుకుంటే తొందరగా కోలుకుంటుంది కదా? ఇంకో డౌటు, శాతాలు ఇచ్చారు కదా, ఎస్చరీషియా శాతం పెరిగింది అంటే నా కడుపులో అది నిజంగా పెరిగినట్టేనా?

—

పెట్రీపళ్లెం:

యాంటీబయాటిక్ వాడిన కొన్ని వారాలకే శాంపిల్ ఇస్తే, ఆ రిపోర్టు కోర్సు తర్వాతి గందరగోళాన్ని చూపిస్తుంది. వైవిధ్యం తగ్గడం అప్పుడు మామూలే. మా ల్యాబులో అయితే శాంపిల్ రాగానే మొదట అడిగే ప్రశ్న యాంటీబయాటిక్ ఏమైనా నడుస్తోందా అని.

ప్రోబయాటిక్‌తో తొందరగా కోలుకుంటుందా అన్నారు. 2018లో ఇజ్రాయెల్‌లో ఇదే పరీక్షించారు. యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో కొందర్ని ఊరికే వదిలేశారు, కొందరికి చాలా రకాలు కలిపిన ప్రోబయాటిక్ ఇచ్చారు, కొందరికి ముందే దాచిన వాళ్ల సొంత మలం తిరిగి ఎక్కించారు. సొంత మలం పడ్డవాళ్లు కొద్ది రోజుల్లోనే మునుపటిలా అయ్యారు. ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లు ఊరికే వదిలేసినవాళ్లకన్నా ఆలస్యంగా కోలుకున్నారు! కొత్తగా వచ్చినవి చోటు ఆక్రమించుకుని పాతవాటిని రానివ్వలేదు. చిన్న అధ్యయనమే, కానీ 'ఎలాగూ నష్టం లేదుగా' అని వేసుకునేముందు ఆలోచించాల్సిన విషయం. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం కూడా 2020లో జీర్ణకోశ జబ్బుల్లో చాలావాటికి ప్రోబయాటిక్స్ సిఫారసు చెయ్యలేమని చెప్పేసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు.

శాతాల మీద మీ డౌటు సరైనది. చాలా కిట్లు చెప్పేది వాటా మాత్రమే, సంఖ్య కాదు. మొత్తం వందలో రెండు ఎస్చరీషియా ఉన్నాయనుకోండి. యాంటీబయాటిక్‌కి మిగతావి సగం చస్తే, ఎస్చరీషియా ఒక్కటి కూడా పెరగకుండానే దాని శాతం రెండింతలకి దగ్గరవుతుంది. ఇంకా, శాంపిల్ పోస్టులో వెచ్చగా కూర్చుంటే, దాన్ని నిలవ ఉంచే ద్రవం డబ్బాలో లేకపోతే, గాలిలో బతకగలిగే ఈ.కోలి జాతి దారిలోనే పెరిగి నిజంగానే ఎక్కువవుతుంది. డబ్బాలో ద్రవం ఉందో లేదో మీకే తెలియాలి.

మెట్‌ఫార్మిన్ మాత్రం ఈ రిపోర్టు చూసి ఆపొద్దు. మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు విషయాలు అడగండి. ఒకటి, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది, రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి. కాళ్లు తిమ్మిర్లెక్కితే షుగర్ వల్ల అని వదిలేస్తారు, కొందరిలో అది బి12 లోపం. రెండు, 7.4 దగ్గర ఆగినప్పుడు మందు మార్చాలా, ఇంకోటి కలపాలా, ఇంతే చాలా. అది ఆయన చెప్పాల్సిన జవాబు.

—

వేసవివాన:

బి12 ఎప్పుడూ చూడలేదు సార్. ఈ వారం అడుగుతాను. మరి బ్యాక్టీరియా కోసం నేను చేయగలిగింది ఏమీ లేదా? పీచు పెంచితే నాకు కడుపు ఉబ్బరంగా ఉంటుంది.

—

పెట్రీపళ్లెం:

ఉంది, పీచే. 2018లో చైనాలో షుగర్ పేషెంట్లకి రకరకాల పీచు ఎక్కువున్న భోజనం ఇచ్చి చూస్తే, చిన్న ఆమ్లాలు తయారుచేసే కొన్ని జాతులు పెరిగాయి. ఆ జాతులు ఎంత బాగా పెరిగితే హెచ్‌బీఏ1సీ అంత బాగా తగ్గింది. వాళ్లు క్యాప్సూల్ ఇవ్వలేదు, ఉన్నవాటికి మేత వేశారు.

ఉబ్బరం వస్తోందంటే ఒక్కసారిగా ఎక్కువ పెంచి ఉంటారు. పప్పుధాన్యాలు కానీ, తొక్కతో ఉన్న గింజధాన్యాలు కానీ ఏదో ఒకటే కొద్దిగా మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డాక రెండోది కలపండి. నీళ్లు పెంచండి. భోజనంలో పిండిపదార్థం తగ్గించి ఆ చోటులో పీచు వెయ్యాలి, ఉన్నదాని మీద అదనంగా కాదు. గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకి చూసుకోండి, ఏది పడుతుందో మీకే తెలుస్తుంది. కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి, పొటాషియం ఎక్కువున్నవి అప్పుడు పడవు.

మెట్‌ఫార్మిన్ వల్లే కడుపు ఇబ్బందిగా ఉంటే నెమ్మదిగా కరిగే రకం మాత్ర ఉంది, దాని గురించి కూడా అదే రోజు అడిగేయండి.

—

రాత్రిడ్యూటీ:

మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసే పరీక్ష కూడా అదే రోజు రాయించుకోండి మేడమ్. క్రియాటినిన్ పెరగకముందే కనిపించేది అదే.